పై అంతస్తులో ఒక్క కుర్చీ

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పేపర్లో వృద్ధుల హోముల మీద వచ్చిన పెద్ద కథనం చదివాను. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాను. రాసినవాళ్లు కష్టపడి తిరిగారని తెలుస్తూనే ఉంది, గదులు ఎంత శుభ్రంగా ఉన్నాయో, టీవీలు పనిచేస్తున్నాయో లేదో, బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు ఉన్నాయో లేదో అన్నీ చూశారు. కానీ డిమెన్షియా బాగా ముదిరి మంచం మీదే ఉండిపోయిన వాళ్ల గురించి ఆ రెండు పేజీల్లో ఉన్నది ఒకే ఒక్క వాక్యం, అదీ ఒక మేనేజర్ గారి నోటి మాట. "పై అంతస్తులో వాళ్లకి ఏమీ తెలియదండీ, కాబట్టి వాళ్లతో ఇబ్బందేం లేదు." మీ విలేకరి ఆ మాటని అలాగే వేసేసి, తర్వాతి పేరాలో తోట గురించి రాసుకుంటూ వెళ్లిపోయారు. నేనీ ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క వాక్యం కోసమే.

మా అమ్మ ఉండేది అలాంటి పై అంతస్తులోనే. మీరు రాసిన హోం కాదు, వేరేది, పేరు అనవసరం. చేర్చి మూడేళ్లయింది. మొదటి రెండేళ్లు కింద ఉండేది, నడిచేది, నన్ను చూసి వాళ్ల చెల్లెలనుకుని పోట్లాడేది కూడా. ఏడాది నుంచి పైన ఉంటోంది. కింద అంతస్తు నుంచి పై అంతస్తుకి మార్చిన రోజున నాకు ఫోన్ చేసి "మీ అమ్మగారిని షిఫ్ట్ చేశామండీ" అన్నారు, అంతే. ఏం మారుతుందో, ఏం చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, అడగడానికి ఏం అడగాలో తెలిస్తే కదా.

డిమెన్షియాలో చివరి దశ అంటే ఏమిటో చాలామందికి తెలియదు, మనవాళ్లు దాన్ని ఇంకా మతిమరుపు అనే అనుకుంటారు. బారీ రైస్‌బర్గ్ అనే అమెరికన్ డాక్టరు ఈ జబ్బుకి మెట్ల లెక్క ఒకటి తయారుచేశారు, అందులో ఏడో మెట్టు చివరిది. ఆ మెట్టు మీదకి వచ్చాక మనిషికి రోజంతా కలిపి ఓ అరడజను మాటలు మిగులుతాయి, తర్వాత ఒక్క మాటే మిగులుతుంది, తర్వాత నడక పోతుంది, ఆసరా లేకుండా కూర్చోవడం పోతుంది, నవ్వు పోతుంది, ఆఖరికి మెడ నిలపడం కూడా పోతుంది. మా అమ్మకి ఇప్పుడు రెండు మాటలున్నాయి. ఒకటి "వద్దు", రెండోది "రా". ఏది ఎప్పుడు అంటుందో నాకింకా పూర్తిగా అర్థం కాలేదు, ఒక్కోసారి నా చెయ్యి గట్టిగా పట్టుకునే "వద్దు" అంటుంది.

అంటే ఏమీ తెలియదనే కదా అంటారేమో. అక్కడికే వస్తున్నాను.

పైకి మార్చిన రెండో నెలలో అమ్మ స్నానం చేయించేటప్పుడు గట్టిగా అరవడం మొదలుపెట్టింది. గిచ్చేది, ఒకరోజు ఒక ఆయా చెయ్యి కొరికింది కూడా. "మీ అమ్మగారు వయలెంట్ అవుతున్నారండీ, మిగతా పేషెంట్లు డిస్టర్బ్ అవుతున్నారు" అని ఫోన్ వచ్చింది. వచ్చి చూసే డాక్టరు శాంతంగా ఉండడానికి ఒక మాత్ర రాస్తానన్నారు, కాయితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అది ఏ మందు, దేనికి వాడతారు, ఎన్నాళ్లు వాడాలి అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, ఈ ఉత్తరంలో ఎవరి మీదైనా ఫిర్యాదు ఉందంటే ముందు వరసలో ఉన్నది నేనే. వారం తిరక్కుండా అమ్మ నెమ్మదించింది. మెడ పక్కకి వాలిపోయి, నోటి చివర సొంగ కారుతూ, కళ్లు సగం మూసుకుని కూర్చునేది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. రిజిస్టరులో "క్వయట్, కోఆపరేటివ్" అని రాశారు. అప్పుడు మీ విలేకరి వచ్చి చూసి ఉంటే ఆ మేనేజర్ గారి మాట అక్షరాలా నిజమనుకునేవారు.

తర్వాత ఒక కొత్త ఆయా డ్యూటీకి వచ్చింది. చిన్నపిల్లే, పాతికేళ్లు కూడా ఉండవు. నాలుగో రోజునో ఐదో రోజునో నన్ను మెట్ల దగ్గర ఆపి, "అక్కా, అమ్మ అరిచేది నీళ్లు పోసేటప్పుడు కాదు, నైటీ తీసేటప్పుడు. అది కూడా కుడి చెయ్యి తీస్తే అరవదు, ఎడమ చెయ్యి పైకెత్తితేనే అరుస్తది" అంది. అంతకుముందు రెండు నెలలుగా అరుపు విన్నవాళ్లం ఓ పదిమందిమి ఉంటాం, డాక్టరుతో కలిపి. ఏ చెయ్యో చూసింది ఆ అమ్మాయి ఒక్కతే. వేరే డాక్టరుకి చూపిస్తే ఎడమ భుజం కీలు బిగుసుకుపోయిందని తేలింది, కాస్త పైకి లేపితే మామూలు మనుషులం మనమే కేక పెట్టేంత నొప్పట. మందు పెద్దదేం కాదు, స్నానానికి ముందు డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, ముందువైపు గుండీలున్న నైటీలు, తొడిగేటప్పుడు ముందు ఎడమ చెయ్యి, విప్పేటప్పుడు చివర ఎడమ చెయ్యి. అరుపులు పూర్తిగా పోలేదు కానీ గిచ్చడం పోయింది. శాంతం మాత్రని ఆ డాక్టరే కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించి ఆపేశారు (ఇలాంటివి మనంతట మనం ఉన్నపళంగా ఆపకూడదు, ఇది చదివి ఎవరూ ఆ పని చేయొద్దు).

ఆ తర్వాత కూర్చుని చదివాను, చదివేకొద్దీ కడుపులో తిప్పింది. 2005లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ కోవలోని కొత్తరకం మందుల (యాంటీసైకోటిక్‌లంటారు) మీద నల్ల డబ్బా కట్టి హెచ్చరిక వేయించింది. డిమెన్షియా ఉన్న వృద్ధుల మీద జరిగిన 17 పరీక్షలు కలిపి చూస్తే, ఈ మందులు వాడినవాళ్లలో చనిపోయే ప్రమాదం ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లతో పోలిస్తే 1.6 నుంచి 1.7 రెట్లు ఉందట. 2008లో పాతకాలం మందులకీ అదే హెచ్చరిక చేర్చారు. ఎప్పుడూ వాడకూడదని కాదు, మనిషి తనకో పక్కవాళ్లకో నిజంగా హాని చేసుకునే పరిస్థితిలో, వేరే దారి లేనప్పుడు, కొద్ది రోజులు, కనిపెట్టుకుని వాడతారు. మా అమ్మకి మాత్రం భుజం నొప్పికి వాడాం.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని కూడా అప్పుడే తెలిసింది. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో 352 మంది డిమెన్షియా వాళ్ల మీద ఒక పరిశోధన చేశారు, 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వీళ్లందరూ అలజడి చేసేవాళ్లు, అరవడం, కొట్టడం, కుదురు లేకుండా అటూ ఇటూ తిరగడం, అలాంటివి. సగం మందికి మామూలుగా చేసేది చేశారు, సగం మందికి ఎనిమిది వారాలపాటు మెట్టు మెట్టుగా నొప్పికి వైద్యం చేశారు. వాళ్లలో ఎక్కువమందికి ఇచ్చింది పారాసిటమాలే. మందు అందుకున్నవాళ్లలో అలజడి సగటున 17 శాతం తగ్గింది. మాట పోయినవాళ్లకి అరుపే మాట అని నార్వే వాళ్లు లెక్కగట్టి చూపించారు, మా దగ్గరి ఆ చిన్నపిల్ల లెక్కల్లేకుండానే పట్టేసింది.

నొప్పి ఉందో లేదో నోరు లేనివాళ్ల దగ్గర కనిపెట్టడానికి ఒక పద్ధతి కూడా ఉంది. 2003 నుంచి వాడుకలో ఉంది, పెయినాడ్ అంటారు. ఊపిరి ఎలా తీస్తున్నారు, మూలుగో ఏడుపో ఉందా, మొహం ఎలా ఉంది, ఒళ్లు బిగబట్టుకున్నారా, ఓదారిస్తే ఊరుకుంటున్నారా అని ఐదు సంగతులు చూసి ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు, మొత్తం పదికి. చెయ్యడానికి ఐదు నిమిషాలు చాలు, మిషను అక్కర్లేదు, పెద్ద చదువు అక్కర్లేదు. మా హోంలో బీపీ రోజుకి రెండుసార్లు చూస్తారు, షుగరు చూస్తారు, నెలకోసారి బరువు తూస్తారు. నొప్పి చూసేవాళ్లు లేరు, ఎందుకంటే "వాళ్లకి ఏమీ తెలియదు". నేను ఆ కాయితం ప్రింటు తీయించి ఇస్తే నర్సు గారు మర్యాదగానే తీసుకుని ఫైల్లో పెట్టారు. ఫైల్లోంచి బయటికి రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది, అది వేరే సంగతి.

ఇక తిండి. అసలు నన్నడిగితే ఆ అంతస్తులో మనిషి ఎలా బతుకుతున్నారో తెలుసుకోవాలంటే భోజనం వేళకి మించింది లేదు.

పై అంతస్తులో ఎనిమిది మంది ఉన్నారు, అందరికీ ఎవరో ఒకరు తినిపించాల్సిందే. తినిపించేవాళ్లు ఇద్దరు. వాళ్ల భాషలో ఈ ఎనిమిది మందీ "ఫీడింగ్ వాళ్లు", మా అమ్మ ఆరో నంబరు బెడ్. ఒకావిడ నిలబడే తినిపిస్తుంది, ఆవిడకి ఇంకో ముగ్గురున్నారు మరి. పెద్ద చెంచా నిండా తీసి పెదాలకి ఆనిస్తుంది, నోరు తెరవకపోతే చెంచా అంచుతో తెరుస్తుంది, మింగేలోపల రెండోది సిద్ధం. అమ్మ దాన్ని మింగదు, బుగ్గలో పెట్టుకుని ఉంచేస్తుంది. బుగ్గ ఉబ్బుతుంది. నాలుగోది వచ్చేసరికి దగ్గు. దగ్గగానే నీళ్లు. పది నిమిషాల్లో అయిపోతుంది.

ఆ చిన్నపిల్ల ఈ అంతస్తులో ఉన్నన్నాళ్లూ ఇంకో పూట తను తినిపించేది. ముందు మంచం తల భాగం ఎత్తి, నడుం వెనక దిండు పెట్టి నిటారుగా కూర్చోబెడుతుంది, గడ్డం కాస్త కిందికి ఉండేలా సర్దుతుంది. తను కుర్చీ లాక్కుని అమ్మ కళ్లకి ఎదురుగా కూర్చుంటుంది. చిన్న చెంచాలో సగమే తీస్తుంది. చూపిస్తుంది. కింది పెదవికి అలా తాకించి ఆగుతుంది. ఆగడమంటే నిజంగా ఆగడమే, నేను గడియారం చూసుకునేంత సేపు. పెదవి కదులుతుంది, నోరు తెరుచుకుంటుంది. లోపలికి పోయాక ఆ అమ్మాయి చూసేది అమ్మ నోరు కాదు, గొంతు. గొంతులో ఆ ముడి పైకి లేచి కిందికి దిగేదాకా రెండో చెంచా ముట్టుకోదు. మధ్యమధ్య ఏదో కబురు చెబుతూ ఉంటుంది, బస్సు దొరకలేదనో, వాళ్ల పాప బడికి పోనని ఏడ్చిందనో. అయ్యాక నోటిలో ఏమైనా మిగిలిందేమో చూసి, తుడిచి, అరగంట దాకా పడుకోబెట్టదు. మొత్తం ముప్పై ఐదు నిమిషాలు పడుతుంది.

రిజిస్టరులో రెండు పూటలా ఒకటే రాస్తారు. "లంచ్ గివెన్." "డిన్నర్ గివెన్."

మొదటావిడ చెడ్డదని చెప్పడానికి కాదండీ నేనిది రాసేది. ఆవిడ డబుల్ డ్యూటీ చేసిన రోజులు నాకు తెలుసు, కాళ్లు వాచి చెప్పుల్లో పట్టని రోజు కూడా చూశాను. నలుగురికి ముప్పై ఐదు నిమిషాల చొప్పున తినిపిస్తే రెండు గంటల ఇరవై నిమిషాలవుతుంది, నాలుగో వాళ్లకి అన్నం చల్లారిపోతుంది, ఈలోగా డైపర్లు ఎవరు మారుస్తారు, మంచాన ఉన్నవాళ్లని పుండ్లు పడకుండా అటూ ఇటూ ఎవరు తిప్పుతారు. ఇది లెక్కల విషయం. హోం యజమాని వెయ్యాల్సిన లెక్క, చేర్చేటప్పుడు మనం అడగాల్సిన లెక్క. మనం ఏసీ ఉందా అని అడుగుతాం.

తిండి దగ్గరే ఇంకో సంగతి ఉంది. ఆర్నెల్ల కిందట అమ్మ బరువు తగ్గుతోందని ముక్కులోంచి పైపు వేయిద్దామన్నారు. మా అన్నయ్య సరే అన్నాడు, "ఆకలితో పోనిస్తామా" అన్నాడు, నాకూ ఆ మాట దాటి ఆలోచన పోలేదు. అప్పటికి కాయితాలు చదవకుండా సంతకం పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఆగాను. అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘం, అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ, 2014లో స్పష్టంగా చెప్పింది, ముదిరిన డిమెన్షియాలో పైపు వేయడం మంచిది కాదు, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలు అని. పైపు వల్ల ఆయుష్షు పెరుగుతుందన్న దాఖలా లేదు, ఊపిరితిత్తుల్లోకి తిండి పోయి న్యుమోనియా రావడం ఆగదు, పైగా పైపు పీకేసుకుంటారని చేతులు కట్టేయాల్సి వస్తుంది, పుండ్లు ఎక్కువవుతాయి. పక్షవాతం వచ్చి మింగలేకపోతున్నవాళ్లకి, ఇంకా వేరే జబ్బులవాళ్లకి లెక్క వేరే ఉంటుంది, అది డాక్టర్లు చెప్పాలి. పైపు వేయించిన ఇళ్లవాళ్లని నేను తప్పు పట్టను, ఆ గదిలో ఆ టెన్షన్‌లో ఎవరికైనా అదే ప్రేమలా కనిపిస్తుంది. కానీ పైపు అడిగే ముందు "ఈవిడకి భోజనానికి ఎన్ని నిమిషాలిస్తున్నారు" అని ఎవరైనా అడిగారా? మేం అడిగాం. సాయంత్రం పూట తినిపించడానికి నేనో, అన్నయ్యో, వదినో ఎవరో ఒకరం వెళ్తామని ఒప్పందం చేసుకున్నాం. బరువు మళ్లీ పెరగలేదు, నిజం చెప్పాలి. తగ్గడం మాత్రం నెమ్మదించింది.

పెరగకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. ఈ జబ్బుతో మనిషి పోతారని మనలో చాలామందికి ఎవరూ చెప్పరు, గుండెజబ్బులాగా, క్యాన్సర్‌లాగా ఇది కూడా ప్రాణం తీసేదే. బోస్టన్ చుట్టుపక్కల 22 నర్సింగ్ హోముల్లో ఇలా చివరి దశలో ఉన్న 323 మందిని 18 నెలలు వెంబడించి చూసిన పరిశోధన ఒకటి 2009లో వచ్చింది. ఆ ఏడాదిన్నరలో సగం మంది పైగా పోయారు, సరిగ్గా చెప్పాలంటే 54.8 శాతం. దాదాపు 86 శాతం మందికి తిండి దగ్గర ఇబ్బంది వచ్చింది, 41 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. అందులో నన్ను ఆపేసిన విషయం ఇంకోటి ఉంది. ఈ జబ్బు ఎటు పోతుందో, ముందు ముందు ఏమేం వస్తాయో అర్థం చేసుకున్న కుటుంబాల వాళ్లకి ఆఖరి మూడు నెలల్లో ఆసుపత్రులకి తిప్పడం, పైపులు, సూదులు చాలా తక్కువగా ఉన్నాయట. అంటే ఎవరో ఒకరు కూర్చోబెట్టి అరగంట మాట్లాడితే వచ్చే తేడా కావచ్చు అది. మాతో ఆ అరగంట ఎవరూ కూర్చోలేదు. "షిఫ్ట్ చేశామండీ" అని ఫోన్ వచ్చింది, అంతే.

ఇక ఆ "తెలియదు" సంగతి తేలుద్దాం. నన్ను అందరూ అడిగే మొదటి ప్రశ్న, "మీ అమ్మ నిన్ను గుర్తుపడుతుందా?" లేదు. నా పేరు తెలీదు, కూతురినని తెలీదు. అడిగినవాళ్లు అక్కడితో జాలిపడి ఊరుకుంటారు, రెండో ప్రశ్న అడగరు. చల్లటి చేత్తో ముట్టుకుంటే ఒళ్లు ముడుచుకుంటుంది, చెయ్యి రుద్దుకుని వేడిచేసుకుని ముట్టుకుంటే ముడుచుకోదు. ఇద్దరు ఆయాలు ఆవిడ మీదుగా ఒకరితో ఒకరు గట్టిగా మాట్లాడుకుంటే కనుబొమలు దగ్గరికి వస్తాయి. మెల్లగా ఏదైనా కూనిరాగం తీస్తే కుడి చెయ్యి చూపుడు వేలు దుప్పటి మీద కదులుతుంది, తాళానికి సరిపోయేలాగా కాదు గానీ, రాగం ఆపితే వేలూ ఆగుతుంది. ఇదంతా తెలియడం కాకపోతే ఏమిటండీ?

ఇలాంటి దశలో ఉన్నవాళ్ల బతుకు నాణ్యత కొలవడానికే ఒక ప్రశ్నావళి ఉంది, 2000లో వచ్చింది, క్వాలిడ్ అని పేరు. పదకొండే ప్రశ్నలు. గత వారం రోజుల్లో ఈ మనిషి నవ్వారా, ఏడ్చారా, మొహంలో బాధ కనిపించిందా, తినడం ఇష్టంగా ఉందా, ముట్టుకుంటే ఇష్టపడుతున్నారా, పక్కన మనుషులుంటే ఇష్టపడుతున్నారా, కుదురుగా హాయిగా కనిపిస్తున్నారా, ఇలాంటివి. రోజూ దగ్గరుండి చూసుకునేవాళ్లని అడిగి రాస్తారు. చూశారా, జ్ఞాపకం గురించి అందులో ఒక్క ప్రశ్న లేదు. టీవీ గురించీ లేదు.

టామ్ కిట్‌వుడ్ అని బ్రిటన్‌లో ఒక మనస్తత్వవేత్త ఉండేవారు, 1998లో పోయారు. డిమెన్షియా ఉన్నవాళ్లని మెదడు జబ్బు ఎంత కుంగదీస్తుందో చుట్టూ ఉన్నవాళ్ల ప్రవర్తన కూడా అంతే కుంగదీస్తుందని ఆయన గట్టిగా వాదించారు, ఆ ప్రవర్తన ఎన్ని రకాలో ఒక జాబితా కూడా రాశారు. చిన్నపిల్లల్ని చేసి మాట్లాడడం, వాళ్లు అక్కడ లేనట్టు వాళ్ల గురించే మాట్లాడుకోవడం, వాళ్లు అందుకోలేని తొందరలో పనులు చేయడం, వస్తువుని తిప్పినట్టు తిప్పడం. ఆ జాబితాలో ఎక్కువ భాగం క్రూరత్వంలా కనపడదు, మామూలు మనుషులు మామూలు రోజున చేసే పనులే. నేను చేసినవే ఓ అరడజను ఉన్నాయి. అమ్మ మంచం పక్కనే నిలబడి డాక్టరుతో "ఇంకెన్నాళ్లుంటుందండీ" అని అడిగాను ఒకరోజు. ఆ పూట అమ్మ తినలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందని నేననను. ఆ మాట మాత్రం ఇప్పుడు వరండాలోకి వెళ్లి అడుగుతాను.

మరి ఏం చేయాలంటారు అంటే, పెద్దవేం కావు. బ్రిటన్‌లో 69 కేర్ హోముల్లో జరిగిన వెల్డ్ అనే పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. సిబ్బందికి శిక్షణ ఇచ్చారు, మందులు మళ్లీ సరిచూశారు, ఒక్కొక్కరికీ వారానికి ఒక గంట వాళ్ల ఇష్టానికి తగ్గట్టు మనిషి తోడు ఇచ్చారు. వారానికి, రోజుకి కాదు. అందులో ఉన్నవాళ్లందరూ మా అమ్మలా చివరి మెట్టు మీద ఉన్నవాళ్లేం కాదు, అయినా తొమ్మిది నెలల్లో వాళ్ల బతుకు మెరుగుపడింది, అలజడి తగ్గింది, ఖర్చు కూడా పెరగలేదు. చివరి దశ వాళ్ల కోసమే అయితే జాయిస్ సిమార్డ్ అనే అమెరికన్ ఆవిడ 2003లో మొదలుపెట్టిన పద్ధతి ఉంది, దాని పేరు "నమస్తే కేర్". మన నమస్తేనే. సందడి లేని ఒక గది, మెల్లటి సంగీతం, చేతులకి కాళ్లకి మెత్తగా మర్దనా, మధ్యమధ్య తాగడానికి ఏదో ఒకటి, ప్రతివాళ్లనీ పేరు పెట్టి పలకరించి లోపలికి తేవడం, రోజుకి రెండు పూటలు, రెండేసి గంటలు. కొత్త మనుషుల్ని పెట్టుకోకుండా ఉన్నవాళ్లతోనే నడిచేలా తయారుచేశారు. ఆ పేరు వినగానే నాకు నవ్వొచ్చింది, పేరు మన దగ్గర్నుంచి అంత దూరం వెళ్లింది, గది మాత్రం మా హోం దాకా రాలేదు.

మా దగ్గర జరిగింది దీనిలో పదో వంతు కూడా కాదు. ఆ చిన్నపిల్లకి రెండు నెలల కిందట డ్యూటీ మార్చి కింద అంతస్తులో వేశారు. ఆ అమ్మాయితోపాటు ఆవిడకి తెలిసినదంతా మెట్లు దిగి వెళ్లిపోయింది, మర్నాడే స్నానం దగ్గర మళ్లీ కేకలు. అప్పుడు ఒక కాయితం మీద పెద్దక్షరాలతో రాసి మంచం పైన గోడకి అంటించాను. ఎడమ చెయ్యి పైకెత్తొద్దు. చిన్న చెంచా, సగమే. గొంతు కదిలాకే ఇంకోటి. చేతులు వేడిచేసుకుని ముట్టుకోండి. పేరుపెట్టి పిలవండి. కింద అమ్మ పేరు రాశాను. మేనేజర్ గారు గోడ పాడవుతుందన్నారు. కాయితం ఉంది, కిందటి వారం పక్క మంచం వాళ్ల అబ్బాయి వచ్చి అలాంటిదే ఒకటి అంటించాడు, వాళ్ల నాన్నగారికి చెవిటి ఏ వైపో అందులో రాసి ఉంది.

ఎడిటర్ గారూ, నా కోరిక ఒక్కటే. ఆ కథనానికి రెండో భాగం వేయించండి, ఈసారి పై అంతస్తు గురించి. మీ విలేకరి మేనేజర్ని కాకుండా తినిపించేవాళ్లని అడగాలి, ఒక్కొక్కరు ఎంతమందికి తినిపిస్తున్నారు, ఎన్ని నిమిషాలు దొరుకుతున్నాయి, ఆయాల డ్యూటీలు ఎన్నాళ్లకోసారి మారతాయి, నొప్పి ఎవరు చూస్తారు, ఎక్కడ రాస్తారు, శాంతం మాత్రలు ఎంతమందికి నడుస్తున్నాయి, మొదలుపెట్టి ఎన్నాళ్లయింది, ఆపే తేదీ ఏదైనా ఉందా. వాళ్ల పేర్లు మాత్రం వేయొద్దు, ఉద్యోగాలు పోతాయి.

ఏ హోం దొరక్కపోతే మా దగ్గరికి రమ్మనండి, నేను తీసుకెళ్తాను. మధ్యాహ్నం భోజనం పన్నెండున్నరకి మొదలవుతుంది. ఆ అంతస్తులో వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒకే ఒక్క కుర్చీ ఉంది, పన్నెండుంబావుకల్లా వస్తే దొరుకుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(పేరు వేయొద్దని మనవి, అమ్మ ఇంకా అక్కడే ఉంది.)